మామయ్య కట్టిన మాస్కు ముడి

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, వెంకటనర్సయ్య గురించి అడిగితే అందరూ ఆయన దుకాణం సంగతే చెబుతారు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో చీరల దుకాణం, అడిగిన రంగు లేకపోతే అడిగినవాళ్లదే తప్పన్నట్టు చూసే మనిషి. నేను మాత్రం ఆయన్ని ముడుల మనిషి అంటాను. వయసులో ఉండగా పోచంపల్లి పక్క ఊళ్లో నూలుకు ముడులు కట్టేవాడు. రంగులో ముంచే ముందు నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పితే అక్కడే డిజైన్ తేలుతుంది. ఆ పని వదిలి పట్నం వచ్చి ఎన్నేళ్లయినా ఆయన వేళ్లు ఊరుకోవు. చెప్పుల సంచి, విరిగిన కుర్చీ కాలు, ఏది చేతికి చిక్కినా దానికి ముడి పడాల్సిందే. ఆ ముడి కొస భూమ్మీద ఇంకెవరికీ దొరకదు.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. టీవీలో కాసేపు తెలంగాణ ఉద్యమం, కాసేపు గర్భిణులు జాగ్రత్త అని ఎర్రక్షరాలు. మామయ్య చాలాసేపు చూసి, "కట్టిన కాడ రంగే ఎక్కదు, రోగమెట్ల ఎక్కుతది" అన్నాడు. అనడమే కాదు, సైకిల్ షాపు జంగయ్య దగ్గరున్న పాత ట్యూబులన్నీ మోసుకొచ్చాడు.

ఇక చూడాలి మా ఇల్లు. కిటికీలకు కట్టాడు. వెంటిలేటరుకు గుడ్డ చుట్టి కట్టాడు. వచ్చేపోయేవాళ్లు వేలు పెడతారని కాలింగ్ బెల్లుకూ కట్టాడు. పొద్దున పేపరు రాగానే కట్టేసి, ఎండలో పడేసి, సాయంత్రం విప్పి ఇచ్చేవాడు. బంద్ ఉందన్న వార్త మాకు బంద్ అయిపోయాక తెలిసేది. ఒకరోజు ఉప్పు డబ్బా మూత రాక మా అత్తమ్మ రాధమ్మ, "గిదేంది, ఉప్పుకు గుడ ఫ్లూ వస్తదా" అని కూర చప్పగానే వండి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆ చప్పటి కూరే తిన్నాడు గానీ డబ్బాకు కట్టిన ముడి విప్పలేదు.

నాకు నవ్వు రావాలి కదా. రాలేదు. పైకి చెప్పుకోలేదు గానీ నన్ను భయం పట్టుకుంది. చేతులు కడిగి కడిగి తోలు లేచిపోయింది. బిడ్డ కాసేపు కదలకపోతే ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరితోనైనా చెబుదామంటే అత్తమ్మ, "అసొంటి మాటలు అనకు బిడ్డా, నవ్వుకుంట ఉండు, కడుపుల పిల్లకు అన్నీ తెలుస్తయి" అనేది. దాంతో, భయపడుతున్నానని ఇంకో భయం మొదలైంది. మా ఆయన నరేష్‌కుమార్‌కు తుర్కయంజాల్ సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. ఇంటికి రాగానే హాజరు వేసుకున్నట్టు "సంతోషంగున్నవా" అని అడిగేవాడు. ఉన్నాననేదాన్ని. ఒళ్లు మండిపోయేది.

ఆ భయంతోనే దవాఖానకు పోవడం మానేశాను. తలనొప్పి అన్నాను, బంద్ అన్నాను, బంద్ లేని రోజు కూడా బంద్ అన్నాను. పేపరు సాయంత్రం గానీ విప్పరు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. డిసెంబరులో కాళ్లు వాచాయి. అత్తమ్మ ఆ సంగతి చెబితే డాక్టరమ్మ ఫోన్ చేసి, "బీపీ పెరిగితే నీకూ ప్రమాదమే, బిడ్డకూ ప్రమాదమే. రేపు వచ్చి తీరాలమ్మా" అంది. మర్నాడు గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. అడుగు పడలేదు.

మామయ్య పోచంపల్లి చీర ముక్కను మడతలు పెట్టి నా ముక్కుకూ మూతికీ అడ్డంగా వేసి, తల వెనక ట్యూబు పీలికతో బిగించి కట్టాడు. తనకూ ఒకటి కట్టుకున్నాడు. "దా బిడ్డా. ఇగ గాలి గుడ నన్నడిగే లోపలికి రావాలె" అన్నాడు. అలా గడప దాటాను.

ఆ రోజు నిజంగానే బంద్. ఆటోలు లేవు. నడిచి వెళ్తే కొత్తపేట మెయిన్ రోడ్డు మీద కుర్రాళ్లు అడ్డంగా కూర్చుని నినాదాలు చేస్తున్నారు. అంత జనం, అన్ని నోళ్లు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మామయ్య వాళ్ల ముందుకు పోయి రెండు చేతులూ ఎత్తాడు.

"తెలంగాణ రావాలె, నేను గుడ మీతోనే. గని మా కోడలు అవతలికి పోయేదాంక జర నోళ్లు మూసుకోన్రి. మీ తుంపరలు పడితే మంచిది కాదు" అన్నాడు.

కొడతారేమో అనుకున్నాను. ముందున్న కుర్రాడు నా కడుపు వైపు చూశాడు, మామయ్య మూతి మీది ఎర్ర చీర ముక్క వైపు చూశాడు, మెడలో కండువా తీసి మూతికి చుట్టుకున్నాడు. పక్కవాడూ చుట్టుకున్నాడు. వరసగా అందరూ చుట్టుకుని మధ్యలో దారి వదిలారు. ఒకడు ఉండబట్టలేక కండువా లోపలి నుంచే "జై" అన్నాడు. మామయ్య వాడి వైపు చూశాడు. మిగతాది వాడు మింగేశాడు.

మా డాక్టరమ్మది గుంటూరు వైపు. నోట్లో థర్మామీటరు పెట్టాలి, మాస్కు తీయమంది. నాకు రాలేదు. నర్సుకూ రాలేదు. డాక్టరమ్మ కూడా కాసేపు పెనుగులాడి, "ఇదెవరు కట్టారమ్మా, లారీకి తాడు బిగించినట్టు" అని కత్తెర అందుకుంది.

"కత్తెరొద్దు, గుడ్డ పాడైతది" అంటూ మామయ్య లోపలికి వచ్చేశాడు.

"అయితే మీరే విప్పండి బాబాయిగారూ" అందావిడ.

ఆయన నా వెనక నిలబడ్డాడు. ఎంతసేపటికీ కొస దొరకలేదు. పొద్దున తాను కట్టిన ముడే. ఎదురుగా గోడకున్న అద్దంలో చూశాను. ఆయన వేళ్లు పీలికను పట్టుకోబోయి జారవిడుస్తున్నాయి.

"మామయ్యా, నాకు భయమైతుంది" అన్నాను. నెలల తరబడి దాచుకున్న మాట మాస్కు లోపలి నుంచే బయటికి వచ్చేసింది.

నవ్వుకుంటూ ఉండమని ఆయన అనలేదు. "నాకు గుడ బిడ్డా. మస్తు భయమైతుంది. గందుకే గివన్నీ కడుతున్న. నీతోని ఎట్ల చెప్పాలె, నువ్వేమో ధైర్యంగ ఉన్నవ్" అన్నాడు.

నాకా ధైర్యం. నవ్వొచ్చింది. ఎన్నాళ్లకు వచ్చిందో, ఆగలేదు. నవ్వుతూనే భోరున ఏడ్చాను. మామయ్య చేతులు చొక్కాకు తుడుచుకుని మళ్లీ వెతికాడు. ఈసారి కొస దొరికింది.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి ఇద్దరికీ బీపీ చూసింది. నాకు కొంచెం ఎక్కువ. ఆయనకు నాకంటే ఎక్కువ. ఇద్దరికీ మాత్రలు రాసి, "భయం వేసినప్పుడు ఒకరికొకరు చెప్పుకోండి. ఇది కూడా మందే, మానకండి" అంది.

మానలేదు. రోజూ దుకాణం నుంచి రాగానే, "ఇయ్యాల ఎంత భయమైంది" అని అడిగేవాడు. నిన్నటి కంటే తక్కువే, మీకో అంటే, "నాకు జర ఎక్కువనే, టీవీ చూసిన" అనేవాడు. అలా మాట్లాడుకుంటూనే ఒక్కో కిటికీ విప్పేశాం. అత్తమ్మకు ఉప్పు డబ్బా దక్కింది.

కాన్పయ్యాక నర్సు పాపను గుడ్డలో చుట్టి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఆ చుట్టిన గుడ్డను అటూ ఇటూ చూశాడు. "గింత గట్టిగ ఎవరు కట్టిన్రు" అని నర్సును కోప్పడి, కొస వెతికి వదులు చేసి, పాప కాళ్లు బయటికి తీసి ఆడుకోనిచ్చాడు.