ఐదువందల పన్నెండు అని చెక్కిన శ్రుతిదండం

నాకు జరిగిన అన్యాయాలను తేదీల వరుసలో ముందే రాసిపెడుతున్నాను. చదివేవారికి వెతుక్కునే శ్రమ ఉండకూడదు.

1944 మార్చి: భౌతికశాస్త్రం ఆనర్సు ప్రయోగ పరీక్షలో, ఉన్నది ఉన్నట్టు కొలిచినందుకు నాకు యాభైకి పద్నాలుగు మార్కులు వేశారు.

1944 జూన్: ఆ మార్కుల మూలంగా ధ్వనిశాస్త్ర పరిశోధనకు ఉన్న ఒకే ఒక్క స్థానం నాకు దక్కలేదు.

1944 ఆగస్టు: విభాగాధిపతికి నేను రాసిన నాలుగు పుటల ఉత్తరానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది.

ఆ పిమ్మట 1949 దాకా: పదకొండు ఉత్తరాలు రాశాను. నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. జవాబులు లేవు.

శృంగవరపుకోట నుంచి విజయనగరానికి చదువుకోసం వచ్చిన నన్ను ధ్వనిశాస్త్రం వైపు తిప్పింది ఒక గాజుగొట్టం. నీళ్ళు నింపిన ఆ నిలువు గొట్టం మూతి దగ్గర మోగుతున్న రెండు కొమ్ముల ఉక్కు శ్రుతిదండాన్ని పట్టుకొని నీటిమట్టాన్ని మెల్లగా దించుతూ పోతే, ఒకచోట సన్నని శబ్దం ఒక్కసారిగా గదంతా నిండుతుంది. ఆ మట్టాన్ని కొలిస్తే దండం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్క కట్టవచ్చు. కంటికి కనబడని దానిని కొలబద్దతో పట్టుకునే ఈ పని జీవితమంతా చేయాలనుకున్నాను. అంతకు మించి కోరలేదు.

పరీక్షలో నాకు ఆ ప్రయోగమే వచ్చింది. దండం మీద 512 అని చెక్కి ఉంది. తొమ్మిదిసార్లు కొలిచాను. గది వేడిమి ఎనభై ఆరు ఫారన్‌హీటు డిగ్రీలని రాశాను. సగటు 508 వచ్చింది. 508 అనే రాశాను.

పరీక్షాధికారి నా కాగితం చూసి, "ఇంగ్లండులో చేసిన దండం తప్పంటావా, నీ చెవి తప్పంటావా?" అన్నారు.

"బీరువాలో ఇంకో 512 దండం ఉంది, దానితో కలిపి మోగించి చూడవచ్చునండీ."

"వ్యవధి లేదు," అని ఎర్ర సిరాతో అడ్డగీత గీశారు.

అదే బల్ల మీద, అదే దండంతో ఉదయమే పరీక్ష ముగించిన సహాధ్యాయి బయట వరండాలో నిలబడి ఉన్నాడు. పాతపట్నం వర్తకుల కుటుంబంవాడు.

"ఒరే బావా, నీకెంతొచ్చిందిరా?"

"అయిదొందల ఎనిమిది."

"సచ్చేవు ఫో! అంకె సెక్కి మరీ ఇచ్చేరు కదరా. ముందు అది రాసేసి, ఎనక్కి లెక్క కట్టుకుంటూ రావాల. నీల్లు ఎంతలో ఉండాలో ఆ లెక్కే సెప్తాది."

"మరి గొట్టం ఎందుకురా?"

"ఎగ్జామినరు వచ్చినప్పుడు పక్కన నిలబడ్డానికి."

మా ప్రయోగశాల ఆచారమే అది. అందులోనూ నేర్పు ఉండేది: అనుమానం రాకుండా ఒకరు 511.7 రాసేవారు, మరొకరు 512.4 రాసేవారు.

మర్నాడు ప్రయోగశాల అటెండరు నా మొహం చూసి తలుపు దగ్గరగా వేశాడు. మాకన్న వయసులో చాలా పెద్దవాడు. బీరువాలోంచి రెండో 512 దండం తెచ్చి, రెంటినీ కలిపి మోగించాడు. శబ్దం పెరుగుతూ తగ్గుతూ సెకనుకు నాలుగుసార్లు ఊగింది. రెంటికీ తేడా నాలుగన్నమాట; నా లెక్క చెప్పిన తేడా కూడా అదే.

"తుప్పట్టిపోనాది బాబూ. ఇనస్పెక్సనుకి మెరవాలన్నారు. కొమ్ములు కలిసేకాడ ఆకురాయెట్టి బాగా రాకేను. అద్దంలాగ మెరిసింది. మెచ్చుకున్నారు కూడాను."

అక్కడ లోహం తగ్గితే శ్రుతి దిగుతుంది.

"ఈ మాట రాసిస్తావా?" అన్నాను.

"రాసిస్తే నా ఉజ్జోగం పోతాది బాబూ. ఇంట్లో ఆరుగురం. మీరు సెదూకున్నోరు, ఏటో ఒకటి సేసుకుంటారు."

మళ్ళీ అడగలేదు. నా ఉత్తరంలో అతని ప్రసక్తి లేకుండా, రెండు దండాలనూ కలిపి మోగించమని మాత్రమే కోరాను. కారణం చెప్పకుండా కోరవలసి రావడం వల్లనే అది నాలుగు పుటలయింది. వచ్చిన జవాబు ఇది: "దండపు కంపనసంఖ్య దండముపైననే చెక్కబడియున్నది, గమనించగలరు."

పరిశోధన స్థానం నా సహాధ్యాయికి వెళ్ళింది. నేను కోటబొమ్మాళిలో బడిపంతులునయ్యాను. 1949లో అతను, అప్పటికి అదే ప్రయోగశాలలో ఉపన్యాసకుడు, రైలు దిగి మా ఇంటికి వచ్చాడు. కుశలప్రశ్నలకు ముందే దండం సంగతి అడిగాను.

"ఉన్నాదిరా, మెరుస్తన్నాది. ఏటేటా పిల్లలందరికీ అయిదొందల పన్నెండే వస్తన్నాది. నువ్వొక్కడివేరా తప్పినోడివి."

"రెండోదాంతో కలిపి ఎప్పుడైనా మోగించేవా?"

కాఫీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "పరిశోధనలో ఉన్నోడికి తీరికేటిరా, బావా?" అన్నాడు.

ఆ అటెండరు ఇప్పుడు లేడు. నిజం రాస్తే పోయే ఉద్యోగం ఎవరిదీ లేదు. అందుచేత ఇన్నేళ్ళకు కారణంతో సహా రాస్తున్నాను.

సదరు విభాగాధిపతి వారికి: నాకు మార్కులు అక్కరలేదు, స్థానమూ అక్కరలేదు. ఆ రెండు దండాలనూ కలిపి మోగించి, తేదీ, గది వేడిమి వేసి, తేడా ఎంతో సంతకంతో లిఖితపూర్వకంగా తెలియజేయవలసినదిగా కోరుతున్నాను. దండం మీద ఏమి చెక్కి ఉన్నదో నాకు తెలుసు. దానిని జవాబుగా స్వీకరించను.