నాలుగో పెట్టెలో తుడిచిన చోటు

ఆ తుపానులో పోయినవి ముందు రాస్తాను. గుడిసెలు పందొమ్మిది. నాటుపడవలు మూడు, వాటిలో ఒకటి కొత్తది. మేకలు ఏడు. కోళ్ల సంగతి ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు కాబట్టి వెయ్యలేదు.

అప్పుడు, డెబ్బైల చివర్లో, విశాఖ రేవులో ఇనుప ఖనిజం గుట్టల దగ్గర వ్యాగన్ల లెక్క రాసే పని నాది. ఐదో తరగతితో బడి మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. గుట్టల వెనక, ఉప్పుటేరు పక్కన, ఎవరూ వాడని రైలు పట్టాల మీద నాలుగు పాసింజరు పెట్టెలు ఉండేవి. ఎప్పుడు తెచ్చి వదిలారో యార్డులో ఎవరికీ తెలియదు. చక్రాల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. మధ్యాహ్నం నా క్యారేజీ అక్కడే విప్పేవాణ్ని. చెక్క షట్టర్ల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా బల్లల మీద పడేది. ఖనిజం దుమ్ము గాలికి వచ్చి అన్నిటి మీదా ఎర్రగా, మెత్తగా పరుచుకునేది. పక్క లైనులో గూడ్సు పోతే పెట్టెలు సన్నగా వణికేవి, బండి కదలబోతున్నట్టు. నాకు తెలియకుండానే కిటికీ చువ్వ పట్టుకునేవాణ్ని.

తుపాను వస్తుందని రేడియో చెప్పిన సాయంత్రం, ఏటిగట్టు గుడిసెల వాళ్లను ఆ పెట్టెల్లోకి ఎక్కించాం. ఉప్మా పొట్లాలు పంచడం నా వంతు. వేలు చూపిస్తూ తలలు లెక్కపెడుతుంటే యార్డు వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

“మనుసుల్ని ఏలెట్టి లెక్కెడతన్నావేటి బావా? తగ్గిపోతారు. ఈళ్లేటి, నీ వేగన్లా?”

అందుకని పొట్లాలే లెక్కపెట్టుకున్నాను. అరవై రెండు. మొదటి మూడు పెట్టెల్లోనే అందరూ సర్దుకున్నారు. నాలుగోదాని తలుపులు తుప్పుపట్టి రెండువైపులా బిగిసిపోయాయి.

పొద్దున్నకి గాలి ఆగింది. అందరూ గుడిసెల వైపు పరుగెత్తారు. ఒకామె మాత్రం నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త ముందురోజు మధ్యాహ్నం పడవకు మోకు కట్టడానికి వెళ్లి తిరిగి రాలేదు.

“వానలో ఏదో పెట్టెలోకి ఎక్కీసుంటాడు అన్నయ్యా. లెక్క తేల్చీ. నువ్వు సెప్తే ఊరు నమ్ముతాది.”

ఖాళీ పెట్టెల్లో మనుషుల లెక్క ఎలా తేలుతుంది? అప్పుడు బల్లలు చూశాను. ఎవరికి వారు దుమ్ము తుడుచుకుని కూర్చున్నారు. ఒక్కో మనిషికి ఒక్కో తుడిచిన చోటు. చంటిపిల్లలకు పొట్లమూ లేదు, చోటూ లేదు. మూడు పెట్టెలూ రెండుసార్లు తిరిగాను. అరవై రెండు.

అక్కడితో వదిలెయ్యొచ్చు. కానీ నాలుగోది చూడకుండా లెక్క ముగించడం నా పద్ధతి కాదు. దాని షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఒక విరిగిన పలక సందులోంచి తొంగిచూశాను. బల్లలన్నీ ఎర్రగా ఉన్నాయి. సముద్రం వైపు కిటికీ దగ్గర ఒక్కచోట మాత్రం చెక్క కనిపిస్తోంది. ఒక మనిషి వెడల్పు. శుభ్రంగా తుడిచి ఉంది. వాన చినుకు పడిన జాడ లేదు. నేల మీది దుమ్ము చెదరలేదు. ఒక్క అడుగు లేదు.

“ఎంతయినాది?” అంది ఆమె వెనకనుంచి.

“పొట్లాలు అరవై రెండు, చోట్లు అరవై మూడు,” అన్నాను. నేల సంగతి చెప్పలేదు.

పదకొండో రోజున ఆమె గాజులు తీయించడానికి పెద్దలు వచ్చారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుందట.

“పొట్లాలు అరవై రెండు, సోట్లు అరవై మూడు. ఆ వేగన్ల బాబు లెక్క ఎప్పుడైనా తప్పినాదేటి?”

“నీ మొగుడు టిక్కెట్టు లేకుండా ఎక్కీసినాడు కావాల,” అని ఒకడు ఎకసెక్కమాడాడట. ఎవరూ నవ్వలేదు. గాజులు ముట్టకుండానే వెళ్లిపోయారు.

రెండేళ్లకు ఆ పెట్టెలను ముక్కలుగా కోసి ఎత్తుకుపోయారు. ఎనభైల్లో ఆమె ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట ఇసుక మోసేది. గాజువాక బస్సులో ఒకసారి నా ముందు సీట్లో కూర్చుంది. చేతినిండా ఎర్రగాజులు, కొత్తవి. గుర్తుపట్టి వెనక్కి తిరిగింది.

“అన్నయ్యా, లెక్కల మనిసివి గదా. మరి మావోడు ఏ టేసన్లో దిగీసుంటాడంటావు?”

నా పాత పుస్తకంలో ఆ రెండు అంకెలూ, అరవై మూడు, అరవై రెండు, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అడుగున గీత గీసి. ఆమెకు నేను ఇప్పటికీ బాకీ ఉన్నది ఒకటి.