దొంగ వేలు అతికించిన రోజు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగకు నేను దగ్గరుండి మరమ్మతు చేసి మా కొంప నేనే ముంచబోయాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

డెబ్బైల చివరి మాట. మా ఆయన పాతబస్తీలో ఒక ఫొటో స్టూడియోలో ప్రింట్లు కడిగేవాడు. సేఠ్ దగ్గర చిన్న సినిమా కెమెరా ఉండేది. బతిమాలగా బతిమాలగా కెమెరా, ఒక్క రీలు అరువిచ్చి షరతు పెట్టాడు.

"పిల్లలు నవ్వాలె, పెద్దలు లేవకుండ కూసోవాలె. గట్లుంటే కెమెరా నీకే. లేకుంటే మళ్ల చీకటి గదిలకే పో భాయ్."

మా పుట్టిల్లు ధూల్‌పేటలో వినాయకులను చేసే ఇల్లు. అందుకని బొమ్మలు నా వంతు. మట్టి బొమ్మను వెంట్రుకవాసి జరపాలి, ఆయన ఒక ఫొటో తీయాలి, మళ్లీ జరపాలి; అప్పుడే తెర మీద బొమ్మ కదులుతుంది. కథేమిటంటే, పండుగ లడ్డు మాయమవుతుంది. పళ్లెంలో విరిగిన చిటికెన వేలు దొరుకుతుంది. పోలీసు కోడిపుంజు ఇంట్లో అందరి చేతులూ చూస్తుంది. వేలు లేనిది మామ బొమ్మకు. అతనే దొంగ.

విరిగిన విగ్రహం గడప దాటకూడదని మా బాపు నియమం. పని ముగిశాక బొమ్మలన్నీ తడిమి, ఊడినదల్లా అతికించాకే చేతులు కడుక్కోవాలి. చివరి సీను ముందు నేను అదే చేశాను, అలవాటు కొద్దీ మామ వేలూ అతికించేశాను. కథ నాకు తెలుసు. నా చేతులకు తెలియదు. బియ్యపుగింజంత వేలు కెమెరా కన్నంలోంచి ఆయన కంటికీ ఆనలేదు.

రీలు బొంబాయిలో కడిగించుకుని నేరుగా సేఠ్ ఇంటికి వచ్చింది. గోడకు దుప్పటి కట్టారు. సేఠ్, ఆయన తల్లి, మనవలు కూర్చున్నారు. మూగ సినిమా కనుక మా ఆయనే పక్కన నిలబడి కోడిపుంజు గొంతుతో మాటలు చెబుతున్నాడు.

కోడిపుంజు ముందు తాత చెయ్యి చూసింది. ఐదు వేళ్లు. అవ్వ చెయ్యి. ఐదు.

"ఇగో, గీ మామ చెయ్యి జూడుండ్రి..." అని ఆయన ఆగిపోయాడు. దుప్పటి మీద గుమ్మడికాయంత చెయ్యి. ఐదు వేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.

ఆయన నా వైపు చూశాడు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. రీలు అయిపోయింది.

"దొంగ ఏడి భాయ్?" అన్నాడు సేఠ్. నవ్వలేదు.

"లడ్డు పోయేటప్పుడు ఏదో చెయ్యి మెరిసినట్లుండె బిడ్డా," అంది సేఠ్ తల్లి. "మళ్ల మొదట్నుంచి తిప్పు."

సేఠ్ ఈసారి ప్రొజెక్టర్‌ను చేత్తో మెల్లగా తిప్పాడు. ఆకాశంలోంచి గాజుల చెయ్యి దిగింది. లడ్డును మాయం చేయడానికి నేను పెట్టిన చెయ్యే. తీసేలోపే మా ఆయన కెమెరా మీట నొక్కేసినట్టున్నాడు. చిటికెన వేలు మడిచి, నాలుగు వేళ్లతో లడ్డు ఎత్తుకుపోయింది.

మా ఆయన గొంతు సవరించుకుని, కోడిపుంజు గొంతుతోనే అన్నాడు:

"దొంగ దొరికింది సేఠ్ సాబ్. జైల్ల ఏస్తమంటే కుదరది. నేనే పెండ్లి చేసుకున్న."

ముందు ముసలామె నవ్వింది. తర్వాత సేఠ్. కెమెరా ఆ రోజే మా ఇంటికి వచ్చింది.

"ఇగ దొంగలను బాగుచెయ్యకే," అన్నాడు ఆయన దారిలో. వినాయకుడి మీద ఒట్టు పెట్టాను.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. మొన్న అలమర తుడుస్తుంటే మామ బొమ్మ చిటికెన వేలు మళ్లీ ఊడింది. బంక డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది.

అతికించలేదు. ఒట్టు ఒట్టే.