సగానికి కోసిన మేకులు

సహోదరులారా, మీ ముందు నిలబడటానికి నాకు భయంగానే ఉంది, ఎందుకంటే ఈ మందిరంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే, తెల్లారగానే మందు పడనిదే చేయి నిలవనివాణ్ణీ నేనే!

మాది లక్సెట్టిపేట. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి ఎండవేడి తగలకుండా బయటి గోడలకు థర్మాకోల్ పలకలు బిగించే పనికి పోయాను. పాత రంగు మీద జిగురు సిమెంటును నమ్మలేం, పలకను ఆపేది మేకులే. డ్రిల్లుతో ఇటుకదాకా రంధ్రం చేసి, బిళ్లలాంటి తల ఉన్న పొడవాటి ప్లాస్టిక్ మేకు దిగ్గొట్టాలి. వణికే చేతులతో అంత లోతు చేయలేక నేను మేకులను సగానికి కోసి కొట్టాను. మా మేస్త్రి పోచన్న కింద నిలబడి, పలకకు ఐదు బిళ్లలు కనబడుతున్నాయా అని చూసేవాడు. కనబడేవి! నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గులేని బతుకు!

ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. నేను కిందే ఉన్నాను. మూడో అంతస్తులో, సిమెంటు పూతతో బరువెక్కిన పలక ఒకటి అంచు లేచి గోడకు కొట్టుకుంటోంది. దాని కిందే రోగుల బంధువులు సద్ది విప్పుకొని కూర్చున్నారు. నోరు తెరిస్తే నా మోసం బయటపడుతుంది, మూసుకుంటే ఒకరి ప్రాణం పోతుంది.

"యేసయ్యా, తప్పు నాది, గాళ్ల మీదికి రానియ్యకు! నా నోరు తెరువు తండ్రీ!"

తెరిచాడు, దేవునికే మహిమ! "లేవుండ్రి! మేకులు సగమే ఉన్నయ్, నేనే కోసిన, జల్ది పోండ్రి!" అని అరుస్తూ పరుగెత్తాను. అందరూ లేచారు గానీ ఒక ముసలవ్వ గిన్నె కోసం వెనక్కి తిరిగింది. ఆమెను ఎత్తుకొని ఇవతలికి వచ్చానో లేదో, పలక వచ్చి ఆ గిన్నె మీదే పడింది.

పోచన్న నా మొహం చూసి, "తాగినవా?" అన్నాడు.

"దినాం తాగుతున్న అన్నా."

కొడతాడనుకున్నాను. "రేపు తాగకుండ రా. అన్నీ నువ్వే పీకాలె, నువ్వే కొట్టాలె" అన్నాడు.

వాంతులు, చెమటలు, వణుకు! ప్రతి రంధ్రం దగ్గర "జర నా చెయ్యి పట్టుకో యేసయ్యా" అంటూనే కొట్టాను. గోడ సగం అయ్యేసరికి వణుకు పోయింది. అది నాకంటే ముందు పోచన్నే చూశాడు. ఆనాటి నుంచి మందు ముట్టలేదు.

నాలాగా చప్పట్ల చాటున దాక్కున్నవారు ఇక్కడుంటే, ఈ రోజే నోరు తెరవండి, ఆయన మిమ్మల్ని తోసేయడు. ఆ అవ్వ కూడా వచ్చింది, అదిగో వెనక వరుసలో కూర్చుంది. ప్రభువు నన్ను మాట్లాడనీయకపోతే ఆ చోటు ఖాళీగా ఉండేది.