చెప్పి పోతే వచ్చే నీళ్లు

ఫైర్ స్టేషన్‌లో పనిచేశానంటే అందరూ మంటల గురించే అడుగుతారు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం మంటలు లేని చోట గడిచింది. రోడ్డు పక్కన పాతిన ఎర్ర గొట్టం మూత విప్పడం, పానాతో వాల్వు తిప్పడం, నీళ్లు ఏ జోరుతో వస్తున్నాయో చూడడం, మళ్లీ బిగించడం. మేము దాన్ని హైడ్రెంట్ అంటాం. ఇబ్రహీంపట్నంలో జనం ఎర్ర నల్లా అంటారు. ఇంజన్‌లో నీళ్లు అయిపోతే నింపుకోవడానికీ, ఇంజన్ దూరని గల్లీల్లో నేరుగా పైపు తగిలించుకోవడానికీ అదే దిక్కు. తుక్కుగూడ వైపు కొత్త గోదాముల్లో ఇవి పెళ్లికొడుకుల్లా మెరుస్తుంటాయి. మావి అలా కాదు. ఒకదాని చుట్టూ చెత్త, ఇంకొకదాని మెడకు బట్టలారేసే తాడు. మరొకటి సిమెంటు రోడ్డు వేసినప్పుడు సగం దాకా కూరుకుపోయింది. వంగి వంగి ఆ మూతలు విప్పీ విప్పీ చివరికి నాకు నడుము నొప్పి మిగిలింది.

కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఒకటి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ విసుగూ బాధా కలిసే వస్తాయి. దానికెదురుగా పరుపుల దుకాణం. కింద దూది ఏకే మిషను, గోడ పొడుగునా దూది మూటలు. పైన ఒకే గది. దుకాణం నడిపే ఆమె భర్త ఆ గదిలో మంచాన ఉండేవాడు. దూది లోడు దించుతూ లారీ మీద నుంచి పడ్డాక ఆయన కాళ్లు పడిపోయాయి. మెట్లు దుకాణం లోపలి నుంచే, మనిషి పక్కకు తిరిగితే గానీ దిగలేనంత ఇరుకు. మా ఇంజన్ ఆ గల్లీలోకి రాదు. ఆమె భయం ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను పోయినప్పుడల్లా దూది అంటుకున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చేది.

"అన్నా, గిది పనిచేస్తదా?"

"చేస్తది చెల్లె. ఫికర్ చెయ్యకు."

నిజంగానే పనిచేసేది. వాల్వు తిప్పగానే మొదట గాలి బుస్సుమనేది, ఆ వెనకే నీళ్లు. ఆ బుస్సు వినబడితే చాలు, ఆడవాళ్లు "నల్లా వచ్చింది" అంటూ బిందెలతో ఉరికి వచ్చేవాళ్లు. రోడ్డు మీద నీళ్లు పారబోస్తున్నామని తిట్టేవాళ్లు, తిట్టుకుంటూనే నింపుకునేవాళ్లు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే చోట నీళ్లు నేలపాలవుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అయితే మాకొక పద్ధతి ఉండేది. పరీక్షకు పోయే ముందు, ఆ వైపు వాడలకు వంతులవారీగా మున్సిపాలిటీ నీళ్లు వదిలే ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. నాకంటే ముందువాళ్లూ అలాగే చేశారు. ఎవరింటికైనా చెప్పి పోతాం కదా, ఇదీ అలాంటి మర్యాదే అనుకున్నాను. ఆయన "జర ఆగు అన్న, ఇడుస్తున్న" అనేవాడు. మేము చేరేసరికి నీళ్లు సిద్ధంగా ఉండేవి.

ఒక ఎండాకాలం యాచారం దగ్గర గడ్డివాము తగలబడితే ఆర్పి తిరిగి వస్తున్నాం. ఎలాగూ దారిలోనే ఉంది కదా అని గల్లీ మొదట్లో ఇంజన్ ఆపించి, పానా పట్టుకుని దిగాను. చెప్పాలన్న సంగతి గుర్తుంది. ఫోన్ తీసే ఓపిక లేదు. అలసటే తప్ప అందులో నా తెలివేమీ లేదు.

వాల్వు తిప్పాను. బుస్సుమంది. బిందెలు వచ్చేశాయి. తుప్పు రంగు నీళ్లు దోసెడు కారి ఆగిపోయాయి. వాల్వు పూర్తిగా తిప్పినా ఇంకో చుక్క రాలేదు. బిందెలవాళ్లు కాసేపు చూసి గొణుక్కుంటూ వెళ్లిపోయారు. పరుపుల దుకాణం ఆమె మాత్రం కదల్లేదు. ఆమె ఎదుటే నీళ్లు వదిలే ఆయనకు ఫోన్ చేశాను. ఆయనది పెద్ద గొంతు, పక్కనున్నవాళ్లకూ వినబడుతుంది.

"ఇయ్యాల గా గల్లీది టర్ను కాదన్న. చెప్పకుంట ఎట్ల వచ్చినవ్? చెప్పి వస్తే ఇడుస్తుంటి గద."

"దీన్ల ఎప్పుడు నీళ్లుండాలె గదనే."

"ట్యాంకిల ఉంటె గద. దీన్ల నింపి పెడితె పై వాడకు చుక్క పోదు. ఆళ్లు నా మీదికొస్తరు."

ఆయన మాటల్లో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ నీరసపరిచింది. తిట్టడానికి ఒక మనిషి దొరికి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఫోన్ పెట్టేశాక ఆమె అడిగింది. "అంటే అన్నా, అంటుకునే ముందుగాల మేము ఆయనకు చెప్పాల్నా?"

వెటకారం కాదు. ఏం చేయాలో తెలుసుకుందామనే అడిగింది. బిగించాల్సిన మూత ఒకటి ఉన్నందుకు ఆ పనిలో తల దించుకున్నాను.

ఆ హైడ్రెంట్ పనిచేయడం లేదని పై అధికారులకు రాశాను. కొన్నాళ్లకు చూడడానికి మనుషులు వచ్చారు. వాళ్లూ చెప్పే వచ్చారు. నీళ్లు ఎగజిమ్మాయి. బాగానే ఉంది కదా, నీకేమొచ్చింది అన్నట్టు మా సారు నావైపు చూశాడు.

"చెప్పకుంట పోతే వస్తలేవు సార్," అన్నాను.

"మరి చెప్పి పో," అన్నాడు.

ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు మొత్తుకున్నాను. తర్వాత మానేశాను. కోపం తెచ్చుకునే ఓపిక కూడా తగ్గిపోయింది.

మళ్లీ ఆ గల్లీలో పరీక్ష చేసే వంతు వచ్చినప్పుడు ఫోన్ చేసి చెప్పే పోయాను. దుకాణం మారిపోయింది. దూది మూటలన్నీ పై గదికి ఎక్కాయి. అవి ఉన్న చోట, వీధి గుమ్మాన్ని ఆనుకుని, భర్త మంచం. ఇద్దరు పట్టుకుని లాగితే రోడ్డు మీదికి వచ్చేలా వేసింది. దూది దుమ్ము ఆయన మీద పడకుండా మంచానికీ మిషనుకూ మధ్య పాత చీర కట్టింది. మూట కావాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఇరుకు మెట్లు ఎక్కి తనే దించుకోవాలి. చీర పక్క నుంచి ఒకసారి నన్ను చూసి మళ్లీ పనిలో పడింది. బయటికి రాలేదు, ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

వాల్వు తిప్పాను. బుస్సుమంది, నీళ్లు దూకాయి. బిందెలు నిండాయి. నా చేతిలోని మీటరు నీళ్ల జోరు ఎంత చూపించాలో అంతా చూపించింది. మంచం మీదాయన మోచేతి మీద కొంచెం లేచి, రోడ్డు మీద పారుతున్న నీళ్లను చూశాడు. ఇన్నేళ్లలో ఆయన మొహం చూడడం నాకు అదే మొదటిసారి.

"ఇయ్యాల చెప్పి వచ్చినవా అన్నా?" అని అడిగాడు.

"అవ్," అన్నాను.