చేప లేని ఫొటో

కళ్లజోళ్లు అమ్మే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ కళ్లజోళ్లాయన అనేవారు. గాలం వేసేవాళ్ల సంఘంలో మాత్రం ఆయన హోదా వేరు. అక్కడ కెమెరా ఆయన చేతిలో ఉండేది. పట్టిన చేపను ఇంటికి తీసుకెళ్లకూడదని, ఫొటో తీసి మళ్లీ చెరువులో వదిలేయాలని సంఘం నియమం. అంటే చేప పోతుంది, ఫొటో మిగులుతుంది. ఆ ఏడాది పెద్ద చేప ఎవరిదో ఫొటోలే తేల్చాలి. గాలం వేసేవాళ్లు ఊరికే ఉన్నా గోరంతను కొండంత చేస్తారు. వాళ్ల చేతుల్లోకి ఫొటోలు దిద్దే ఫోన్లు వచ్చాక ఇక చెప్పేదేముంది? చేపలు చెరువులో కంటే ఫోన్లలోనే ఎక్కువ ఎదిగాయి.

పళ్ల డాక్టరుగారి చేప మరీను. ఆయన పంపిన ఫొటోలో చేప ఆయన నడుమంత లావుంది. అంతవరకూ బాగానే ఉంది కానీ, దాన్ని పట్టుకున్న చేతికి ఆరు వేళ్లున్నాయి. "పుట్టుకతోనే అండీ" అని బుకాయించబోయాడు. ఆ చేత్తో పళ్లు పీకించుకున్న సభ్యులే ఎదురుగా కూర్చుని ఉండటం చూసి నోరు మూసుకున్నాడు.

దాంతో సంఘం అధ్యక్షుడు, రంగుల డబ్బాల దుకాణం ఆయన, బల్ల గుద్ది చెప్పాడు. ఇకమీదట ఫోన్ ఫొటోలు చెల్లవు. నొక్కగానే బొమ్మ కాగితం మీద బయటికొచ్చే కెమెరా ఒకటి కొన్నారు. అందులో దిద్దడానికీ చెరపడానికీ ఏమీ ఉండదు. మరి దాన్ని ఎవరి చేతికివ్వాలి? ఎవరికిచ్చినా దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. చివరికి అందరి చూపూ కళ్లజోళ్లాయన మీద పడింది. సంఘం పుట్టినప్పటినుంచీ సభ్యుడే గానీ, ఆయన గాలానికి ఒక్క చేప కూడా పడలేదు. అంతకంటే నిష్పక్షపాతి ఎక్కడ దొరుకుతాడని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూనే కెమెరా అందుకున్నాడు. ఆ చప్పట్లు మాత్రం చెంపదెబ్బల్లా తగిలాయి.

పని మాత్రం నిక్కచ్చిగా చేశాడు. చేపను కెమెరా వైపు చాపి పెద్దది చేసి చూపించేవాళ్లను "మోచేతులు డొక్కలకి ఆనించండి" అని గద్దించేవాడు. బయటికొచ్చిన ఫొటోను విసనకర్రలా ఊపేవాళ్లను "ఊపితే చేప పెరగదు, ఇటివ్వండి" అని లాక్కునేవాడు. ఒకసారి పళ్ల డాక్టరు కెమెరా ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, తన ఫోన్లోని దిద్దుడు చేపకే ఫొటో తీసుకొచ్చాడు. కాగితం అసలుదే, చేపే నకిలీది. పైన మూలలో ఫోన్ బ్యాటరీ గుర్తు కూడా పడకపోతే నెగ్గేవాడే. ఆనాటినుంచి కెమెరాను ఎవరికీ ఇవ్వకూడదని కళ్లజోళ్లాయన ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంటి దగ్గర గొడవ ఇంకోటి. ఆయన చెరువునుంచి రాగానే భార్య వంటింట్లోంచే అడిగేది.

"ఏం పట్టిందండీ ఇవాళ?"

"ఏమీ లేదు."

"తుమ్ముతున్నారుగా, జలుబు పట్టిందన్నమాట."

ఆవిడది ఎగతాళే గానీ ఆయనకది ముల్లు. ఒక్క చేప, ఒకే ఒక్క చేప పట్టి, దాని ఫొటో ఆవిడ ముందు పెట్టాలి. ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదనుకునేవాడు.

ఒక సోమవారం దుకాణానికి సెలవు. పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్తే గట్టు మీద నరపురుగు లేదు. గాలం వేసి కునికిపాట్లు పడుతుంటే కర్ర విల్లులా వంగింది. లాగాడు, జారాడు, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి మరీ లాగాడు. చివరికి రెండు చేతులా ఎత్తుకుంటే గానీ లేవనంత చేప బయటపడింది. అంత చేపను ఆ సంఘంలో ఎవరూ, ఫోన్లో తప్ప, చూసి ఉండరు.

అప్పుడు గుర్తొచ్చింది, ఫొటో ఎవరు తీస్తారు? కెమెరాలో ఒక్క ఫిల్మే మిగిలింది. చేపకు రెండు చేతులూ కావాలి, కెమెరాకు ఒకటి కావాలి. ఎవరినైనా పిలుద్దామంటే మనిషి లేడు. ఉన్నా ఒట్టు అడ్డం. కెమెరాను రాతి మీద పెట్టి ముక్కుతో నొక్కబోతే చేప ఫొటోలో ఉండదు. ఇక లాభం లేదని చేపను దిండులా చంకలో ఇరికించుకుని, కెమెరాను తనవైపు తిప్పుకుని, "కదలకు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలి నొక్కాడు. ఫ్లాష్ వెలగడం, చేప చెరువులోకి ఎగరడం, ఆయన వెల్లకిలా పడటం ఒక్కసారే జరిగాయి.

చలికి బొమ్మ తేలదేమోనని కాగితాన్ని చొక్కా లోపల దాచుకుని కూర్చున్నాడు. తీసి చూస్తే తన ముక్కు రంధ్రాలు, నోరంతా పళ్లు, అడుగున మూలన తోకలాంటిదేదో. తోకే అని ఆయనకు తెలుసు. ఇంకెవరైనా తడిసిన ఆకు అంటే కాదనలేం.

సాయంత్రం రంగుల దుకాణం వెనక గదిలో సంఘం కూర్చుంది. డబ్బాల మధ్య ఫొటో చేతులు మారింది. "మీ మాట చాలదా అండీ? పెద్ద చేప మీదేనని రాసేద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

పళ్ల డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నా మాట వినండి. దీన్ని ఫోన్లోకి ఎక్కించి, ఆ తోకకి ముందర చేప తగిలిద్దాం. ఇదేం అబద్ధం కాదు కదా. ఉన్న చేపనే పెడుతున్నాం."

కళ్లజోళ్లాయనకూ ఆశ పుట్టింది. నిజమే, ఉన్న చేపే. ఇంటికెళ్లి భార్య ముందు పెడితే ఎంత బాగుంటుంది! అయినా ఫొటో వెనక్కి తీసుకుని, "ఇందులో చేప లేదు, చెల్లదు" అని తనకు తానే తీర్పు చెప్పుకుని లేచాడు.

ఇంటికొచ్చి ఫొటోను బల్ల మీద పడేసి చెప్పులు విప్పుకుంటూ కూర్చున్నాడు. భార్య చేతులు తుడుచుకుని ఫొటో తీసుకుంది. దీపం దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది.

"పడిందన్నమాట. పెద్దదే" అంది.

ఆయన తలెత్తాడు. "ఎలా తెలుసు? అందులో చేప లేదుగా!"

"చేపెందుకు? ఈ మొహం చాలదూ?"

ఆయన కళ్లు చెమర్చాయి. ఒక్క క్షణం లోకమంతా తన చేపను నమ్మినట్టే అనిపించింది. ఆవిడ మాత్రం ఫొటో ఇంకా కింద పెట్టలేదు.

"ఇన్నేళ్ల కాపురంలో మీ పళ్లు ఇన్ని ఉన్నాయని నాకు తెలీదు. మన పెళ్లి ఫొటోల్లో ఒక్కదాన్లోనైనా ఇలా నవ్వారా? ఇంతకీ ఆ చేపలో ఉన్నదేంటి, నాలో లేనిదేంటి?"

ఫొటో చూపించి మరీ అడుగుతోంటే, ఆ నవ్వు తనది కాదనడానికి ఆయనకు దారి లేకపోయింది.