చిన్నమ్మ జ్వరం, నా టి కణాలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. చర్మం మీద బతికే ఒక బాక్టీరియా విడిచే విషాన్ని రక్తకణాల మీద వేసి చూడటం నా పని. ఆ విషాన్ని సూపర్ యాంటీజెన్ అంటారు. మామూలు క్రిమికి, ఒంటికి కాపలా కాసే టి కణాల్లో ఏ కొన్నో లేస్తాయి. దీనికి మాత్రం గుంపులు గుంపులుగా ఒకేసారి లేస్తాయి. పక్కన ఏ కణాలుంటే వాటి జోరు పెరుగుతుందో, ఏవి ఉంటే తగ్గుతుందో తేల్చాలి. బందుల వల్ల సామాను రాలేదు. కరెంటు పోయి, పెంచిన కణాలు మళ్లీ చచ్చిపోయాయి. హాస్టల్ మెస్సు మూసేశారు. ఓపిక లేక కోరుట్లకు, ఇంటికి వచ్చేశాను.

మర్నాడే కథలాపూర్ నుంచి కాక, అంటే బాబాయి, ఫోన్ చేశాడు.

"మీ చిన్నమ్మకు జరమచ్చింది బిడ్డా. ఒళ్లంత ఎర్రగైంది. సోయిల లేదు."

కూలికి పోయి పసుపు తవ్వుతుంటే వేలు తెగి, చీము పట్టిందట. ఆయన ఆటోలో తీసుకొస్తే కోరుట్లలో నేనూ ఎక్కాను. జగిత్యాల రోడ్డు మీద రాస్తారోకో. నడిరోడ్డునే వంటలు చేస్తున్నారు. "దవాఖానకట, జరుగుండ్రి" అంటూ ఒకామె పొయ్యి మీది గిన్నె దించి దారి ఇప్పించింది.

ఆసుపత్రిలో డాక్టరు నేను భయపడ్డదే చెప్పాడు, గాయంలోంచి అలాంటి విషమే ఒంట్లోకి ఎక్కిందని. బీపీ పడిపోయింది. గాయం కోసి చీము తీశారు, సెలైన్ ఎక్కించారు. బయట బెంచీ మీద కూర్చోవడం తప్ప నాకు పనిలేదు.

"గింత గాయానికి గంత జరమేంది బిడ్డా?" అన్నాడు కాక.

"క్రిమి విషం కాకా. గది తగిలితే ఒంట్ల కాపలా కణాలు అన్ని ఒక్కపారే లేస్తయి. గా జోరుకే మనిషి పడిపోతది."

"అందరు ఒక్కపారి లేస్తే మంచిదే గద?"

"ఎవల మీద లేస్తున్నయో వాటికి తెల్వది."

మొన్నటిదాకా ఆయన కూడా రోడ్డు మీద కూర్చున్నవాడే.

"మేం ఎరికుండే లేచినం బిడ్డా. యాష్టకచ్చి పానం అలిసింది గని, ఎరికే." మళ్లీ ఆయనే అడిగాడు. "వాటిని ఆపెటియి ఉండయా?"

"ఉంటయి. గవి ఎప్పుడు ఆపుతయి, ఎందుకు ఆపయి, గదే నా సదువు."

"తెల్సిందా?"

"ఇంక తెల్వలే."

చిన్నమ్మ బతికింది. అరచేతుల తోలు పొరలుగా ఊడింది. నేను తిరిగి వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టాను. మోనోసైట్లనే తెల్లకణాలు తోడుంటే టి కణాలు ఉవ్వెత్తున లేచాయి. వాటి బదులు బి కణాలనే మరోరకం తోడుంటే కొంచెం లేచి అణిగిపోయాయి. తర్వాత మళ్లీ విషం తగిలించినా పలకలేదు. అదుపుచేసే టి కణాలు కలిపితే జోరు తగ్గింది, ఒక్కోసారి తగ్గలేదు. గాజు పళ్లెంలో కనిపించింది ఇంతే. చిన్నమ్మ ఒంట్లో ఏవి ఆపాయో నేను చెప్పలేను.

వానలు పడ్డాక చూడటానికి వెళ్లాను. ఆమె నాట్లకు పోలేదు. వాకిట్లో కూర్చుని తల దువ్వుకుంటోంది. జుట్టు సగం రాలిపోయింది.

"కూసుంటెనే ఆయాసమైతంది," అంది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటూ నా మొహం చూసింది. "నువ్వేంది గిట్ల గుంజుకపోయినవ్? ఇంకెన్నాళ్లే గా సదువు?"